మూలమట్టంలో దాచిన లెక్కలు

అమెరికా బళ్ళలో పిల్లల చేత ఉలీ సుత్తీ పట్టించిన తొలివాళ్ళలో ఒకాయన లెక్కల మాస్టారు. పేరు కాల్విన్ వుడ్‌వర్డ్. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ పిల్లలకి గణితం, మెకానిక్స్ చెప్పేవాడు. 1870ల్లో ఒకసారి, బోర్డు మీద గీసి చెప్తే బుర్రకెక్కని విషయాలేవో చెక్క నమూనాలు చేయించి చూపిద్దామనుకున్నాడు. పిల్లల్ని కార్ఖానాకి పంపాడు. తీరా చూస్తే వాళ్ళలో రంపం తిన్నగా లాగడం వచ్చినవాడు లేడు. సూత్రాలు గడగడా అప్పజెప్పే పిల్లలు, చదరంగా ఒక చెక్క కోయలేకపోయారు. ఆయన లెక్కలు పక్కనబెట్టి ముందు పనిముట్లు నేర్పించడం మొదలెట్టాడు. అలా అలా పెరిగి 1880లో అదే యూనివర్సిటీ కింద ఒక బడి అయింది, మాన్యువల్ ట్రైనింగ్ స్కూల్ అని. హైస్కూలు వయసు పిల్లలు సగం పూట పుస్తకాలు, సగం పూట వడ్రంగం, కమ్మరం, డ్రాయింగు.

ఇది చదివినప్పుడు నాకు మా ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాప్ గుర్తొచ్చి నవ్వొచ్చింది. మొదటి సంవత్సరం ఫిట్టింగు, కార్పెంటరీ, టిన్‌స్మిత్ అని మూడు షెడ్లు ఉండేవి. రెండు ఇనుప ముక్కల్ని ఆకురాయితో రాచి ఒకదాంట్లో ఒకటి ఇమిడేలా చెయ్యాలి. మా బ్యాచ్‌లో సగం మంది, అక్కడ పనిచేసే ఆయన దగ్గర రెడీమేడ్ ముక్క కొని చూపించి మార్కులు వేయించుకున్నారు. ఆయన చెయ్యి బంగారం. ఆయన పదో తరగతి దాటలేదు. అరవై మంది ఇంజనీర్లకి పని చేసిపెట్టి నెలాఖరుకి మా మెస్ బిల్లుకి అటూ ఇటూగా జీతం తీసుకునేవాడు.

ఈ చరిత్ర తవ్వడానికి కారణం చెప్పాలి. మేముండేది న్యూ జెర్సీలో. మా స్నేహితుల అబ్బాయి ఒకడు, పదహారేళ్ళు. బేస్‌మెంట్లో పాడైన వాషింగ్ మెషీన్ విప్పి బాగుచేశాడు. వాళ్ళ వెనక పెరట్లో చెక్క డెక్ కుంగితే వాడే సరిచేశాడు. లెక్కలంటే మాత్రం జ్వరం వస్తుంది. వాళ్ళమ్మ ఒక శనివారం భోజనాల దగ్గర, "అన్నయ్యా, మీరైనా చెప్పండి వీడికి. లెక్కలు లేకుండా ఏం చదువుతాడు, ఏం తింటాడు?" అంది. వాడు తల వంచుకుని పప్పన్నం కలుపుతున్నాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఉన్నదల్లా ఇంటర్నెట్టూ, లైబ్రరీ కార్డూ. అందుకని ఇదంతా.

మళ్ళీ వుడ్‌వర్డ్ దగ్గరికి. ఆయనకంటే కాస్త ముందు, 1876లో, ఫిలడెల్ఫియాలో అమెరికా నూరేళ్ళ పండగ ఎగ్జిబిషన్ జరిగింది. అందులో మాస్కో ఇంపీరియల్ టెక్నికల్ స్కూల్ వాళ్ళు ఒక స్టాలు పెట్టారు. దాని అధిపతి విక్టర్ డెల్లా వోస్. ఆయన కనిపెట్టిందేమిటంటే, చేతిపనిని పాఠాలుగా విడగొట్టవచ్చని. మన దగ్గర కుర్రాడు మేస్త్రి దగ్గర చేరితే, మొదటి ఏడాది టీలు తేవడం, రెండో ఏడాది చెక్క పట్టుకోవడం, మూడో ఏడు మేస్త్రి మూడ్ బాగుంటే బాడిశ చేతికివ్వడం. పని నేర్పరు, చూసి దొంగిలించాలి. డెల్లా వోస్ దాన్ని అక్షరాభ్యాసంలా మార్చాడు. ముందు తిన్నగా కోత, తర్వాత రెండు చెక్కల అతుకు, ఆ తర్వాత కష్టమైన అతుకు. ఒక్కో మెట్టూ ఎక్కించి పాతిక మందికి ఒకేసారి నేర్పవచ్చు. ఎమ్.ఐ.టి. ప్రెసిడెంటు జాన్ రంకిల్ ఆ స్టాలు చూసి, బోస్టన్ వెళ్ళీ వెళ్ళగానే తన దగ్గరా అలాంటిది పెట్టించాడు. రంకిల్ కూడా లెక్కల మాస్టారే! చేతిపనిని బడిలోకి తెచ్చింది లెక్కలకి భయపడినవాళ్ళు కాదు, లెక్కల్లో తలపండినవాళ్ళు.

వాళ్ళ ఉద్దేశం వడ్రంగుల్ని తయారు చెయ్యడం కాదు. చెయ్యి నేర్చుకుంటే బుర్ర కూడా బాగుపడుతుందని. ఆ బడిలో లెక్కలు తక్కువేమీ కాదు. ఈ తేడా గుర్తుంచుకోండి, ఎందుకంటే తర్వాతి యాభై ఏళ్ళలో ఇదే తారుమారైంది.

తారుమారు కావడానికి ఒక పెద్ద కారణం ఈ దేశంలో చేతిపని ఎవరిది అన్న ప్రశ్న. ఇక్కడ కొంచెం ఆగాలి.

1881 జులై 4న అలబామాలో టస్కీగీ అన్న ఊళ్ళో నల్లవాళ్ళ కోసం ఒక బడి మొదలైంది. దానికి బీజం వేసినవాళ్ళలో లూయిస్ ఆడమ్స్ అని ఒకాయన ఉన్నాడు. ఒకప్పటి బానిస, రేకుపని చేసేవాడు, చెప్పులూ కుట్టేవాడు. బడి నడపడానికి వచ్చినవాడు బుకర్ టి. వాషింగ్టన్, పుట్టుకతో తనూ బానిసే. బడికి భవనాలు లేవు. పిల్లల చేతే కట్టిద్దామన్నాడు. దానికి ఇటుకలు కావాలి. ఇటుకలు కాల్చడం ఎవరికీ రాదు. మొదటి బట్టీ పాడైంది, రెండోదీ పాడైంది, మూడోది పూర్తి కాబోతుండగా కూలింది. చేతిలో డబ్బు లేదు. వాషింగ్టన్ తన వాచీ తీసుకెళ్ళి మాంట్‌గోమరీలో 15 డాలర్లకి తాకట్టు పెట్టి నాలుగో బట్టీ వేయించాడు. అది నిలిచింది. ఆ వాచీ మళ్ళీ విడిపించుకోలేకపోయానని ఆయనే రాసుకున్నాడు. తర్వాత ఆ ఇటుకలు కొనుక్కోవడానికి చుట్టుపక్కల తెల్లవాళ్ళు కూడా వచ్చేవారట. వాషింగ్టన్ వాదనంతా ఆ ఇటుకలోనే ఉంది. నీ చేతిలో పక్కవాడికి కావలసిన పని ఉంటే, వాడు నిన్ను మనిషిగా చూడక తప్పదు అని.

డబ్ల్యూ.ఇ.బి. డు బోయిస్ దీన్ని ఒప్పుకోలేదు. హార్వర్డ్‌లో పిహెచ్.డి. తీసుకున్న మొదటి నల్లవాడాయన. 1903లో వచ్చిన తన పుస్తకంలో వాషింగ్టన్ మీద ఒక అధ్యాయమే రాశాడు. ఇటుకలు చెయ్యడం తప్పని కాదు. ఓటు అడగొద్దు, పై చదువు అడగొద్దు, ముందు ఇటుకలు చెయ్యండి అని ఒక జాతి మొత్తానికి చెప్పడం తప్పని. ఎవరి పిల్లల్ని చూసి "వీడికి చేతులు బావుంటాయి" అంటారు, ఎవరి పిల్లల్ని చూసి అనరు, అన్నదే ఆయన ప్రశ్న.

మనవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. వడ్రంగి కొడుకు వడ్రంగి, కుమ్మరి కొడుకు కుమ్మరి అని పుట్టుకతోనే రాసిపెట్టిన సమాజం మనది. "చేతిపని బాగా చేస్తాడు" అన్నది మన ఊళ్ళల్లో వందల ఏళ్ళు పొగడ్త కాదు, కంచె. అందుకే ఆ కంచె దాటగలిగినవాళ్ళు దాటగానే పనిముట్లు అటక మీద పడేసి, పిల్లల చేతికి లెక్కల పుస్తకం ఇచ్చారు. వాళ్ళని నేను తప్పుపట్టలేను. మా స్నేహితుల అబ్బాయి డెక్ బాగుచేస్తుంటే వాళ్ళ నాన్న మొహంలో కనిపించే ఇబ్బంది వెనక కూడా అలాంటి చరిత్రే ఉంది. వాళ్ళ తాతగారు తాపీ మేస్త్రి.

టస్కీగీ భవనాలు చాలా వాటికి ప్లాను గీసినవాడు రాబర్ట్ టేలర్. ఒక వడ్రంగి కొడుకు, ఎమ్.ఐ.టి.లో 1892లో ఆర్కిటెక్చర్ పూర్తిచేసిన మొదటి నల్లవాడు. అంటే వాషింగ్టన్ ఇటుకలకి డు బోయిస్ అడిగిన చదువు కావలసివచ్చింది, ఆ చదువుకి నిలబడ్డానికి ఇటుకలు కావలసివచ్చాయి. ఇద్దరూ వాదించుకుంటున్న రోజుల్లో టేలర్ బహుశా సిమెంటు లెక్క చూసుకుంటూ ఉండుంటాడు.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది ఎక్కువగా చట్టాల పేర్లు. 1917 ఫిబ్రవరిలో స్మిత్-హ్యూస్ చట్టం వచ్చింది. వ్యవసాయం, పరిశ్రమల పనులు, ఇంటిపనులు నేర్పే హైస్కూలు చదువుకి మొదటిసారి కేంద్రం డబ్బు. డబ్బుతో పాటు షరతులు. వృత్తి చదువులో కనీసం సగం టైము పనిలోనే గడపాలి, అజమాయిషీకి వేరే బోర్డు ఉండాలి. దాంతో ఒకే బడిలో రెండు గుమ్మాలు ఏర్పడ్డాయి. ఇది జరగబోతోందని జాన్ డ్యూయీ ముందే గొడవపెట్టాడు. 1915లో డేవిడ్ స్నెడెన్ అనే విద్యాధికారితో పత్రికలో వాదులాడుకున్నాడు. చేతిపనీ చదువూ ఒకే పిల్లాడికి కలిపి నేర్పాలి గానీ, పిల్లల్ని రెండు రకాలుగా విడగొట్టకూడదని డ్యూయీ. కంపెనీలకి కావలసిన పనివాళ్ళని త్వరగా, చక్కగా తయారుచెయ్యడమే మంచిదని స్నెడెన్. పేరు డ్యూయీకి మిగిలింది, చట్టం స్నెడెన్ వైపు వెళ్ళింది. ఆ చట్టం వెనక ముఖ్యమైన బుర్ర చార్లెస్ ప్రాసర్ అని స్నెడెన్ శిష్యుడు. ఆ ప్రాసరే 1945లో ఒక మాటన్నాడు. నూటికి 20 మంది కాలేజీకి, 20 మంది వృత్తి పనులకి, మిగతా 60 మందికి ఏం చెయ్యాలో బడులకి తెలియట్లేదని.

1957లో రష్యా స్పుత్నిక్ వదిలింది. మరుసటి ఏడే ఐసెన్‌హోవర్ లెక్కలకీ సైన్సుకీ డబ్బు గుమ్మరించాడు. 1983లో "దేశం ప్రమాదంలో ఉంది" అని ఒక రిపోర్టు వచ్చి, ప్రతి పిల్లాడూ హైస్కూల్లో మూడేళ్ళు లెక్కలు చదవాలంది. రోజుకి ఉన్న పీరియడ్లు అన్నే. లెక్కలు పెరిగితే ఏదో ఒకటి తగ్గాలి. వడ్రంగం క్లాసు తగ్గింది. చాలా బళ్ళలో ఆ గదులు తర్వాత కంప్యూటర్ ల్యాబులయ్యాయి. నా బోటి వాళ్ళకి అన్నం పెట్టే గదులవి, కాబట్టి మరీ ఎక్కువ ఏడవను.

ఇక మన సంగతి. 1965 అక్టోబరులో జాన్సన్ సంతకం పెట్టిన ఇమిగ్రేషన్ చట్టంలో మూడో వరుసలో ప్రొఫెషనల్స్‌కీ సైంటిస్టులకీ చోటిచ్చారు. ఆరో వరుసలో చేతిపని వాళ్ళకీ చోటు ఉంది. మనవాళ్ళు ఎక్కువగా వచ్చింది మూడో గుమ్మంలోంచి, డాక్టర్లూ ఇంజనీర్లుగా. తర్వాత వచ్చిన హెచ్-1బి డిగ్రీ లేనిదే కుదరదంది. అంటే ఇక్కడున్న తెలుగువాళ్ళం తెలుగుజాతికి నమూనా కాదు. ఎంసెట్ అనే జల్లెడ, దాని మీద వీసా అనే ఇంకో జల్లెడ పట్టగా మిగిలిన గింజలం. మన పార్టీల్లో నిలబడి చుట్టూ చూస్తే లెక్కలు రాకుండా బతకడం అసాధ్యం అనిపిస్తుంది. ఎందుకంటే లెక్కలు రాని మన చుట్టాలెవరికీ వీసా రాలేదు. వాళ్ళు రాజమండ్రిలో మోటార్లు చుడుతున్నారు, వరంగల్లో ఫర్నిచర్ షాపు నడుపుతున్నారు, నా అంచనా ప్రకారం మనలో కొందరికంటే ప్రశాంతంగా నిద్రపోతున్నారు.

దీనికి తిరగేసిన కథ కూడా ఒకటుంది. దలీప్ సింగ్ సౌంద్ అని పంజాబీ ఆయన, 1920లో ఈ దేశం వచ్చి బర్కిలీలో గణితంలో పిహెచ్.డి. చేశాడు. అప్పుడు మనవాళ్ళకి పౌరసత్వం లేదు, చదువుకి తగ్గ ఉద్యోగం ఇచ్చేవాడు లేడు. డాక్టరేటు పట్టుకుని కాలిఫోర్నియాలో ఇంపీరియల్ వ్యాలీకి వెళ్ళి వ్యవసాయం చేశాడు. 1946లో చట్టం మారాక పౌరుడయ్యాడు. 1956లో అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికైన మొదటి భారతీయుడయ్యాడు. లెక్కలు వస్తే చాలు బతుకు గట్టెక్కుతుందని నమ్మే తల్లిదండ్రులకి ఈయన కథ చెప్తుంటాను. ఎవరికీ నచ్చదు.

మన దగ్గర కూడా డ్యూయీ లాంటి ఆలోచన చేసినవాళ్ళు లేకపోలేదు. వందేమాతరం ఉద్యమం వేడిలో 1910లో బందరులో కోపల్లె హనుమంతరావు గారు ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు ఆయనకి తోడు. చదువుతో పాటు చేతిపనులూ, చిత్రకళా నేర్పాలని. ప్రమోద్ కుమార్ ఛటర్జీ అక్కడ బొమ్మలు వెయ్యడం నేర్పారు, అడివి బాపిరాజు ఆయన దగ్గరే నేర్చుకుని తర్వాత అక్కడే ప్రిన్సిపాల్ అయ్యారు. వుడ్‌వర్డ్ బడికి ముప్ఫై ఏళ్ళ తర్వాత, బందరులో. సర్కారు ఉద్యోగానికి పనికొచ్చే సర్టిఫికెట్టు కావాలనుకునే తల్లిదండ్రులు అప్పుడూ ఉన్నారు, అలాంటి బళ్ళు మన దేశంలో ఊపందుకోలేదు. మనకి ఐ.టి.ఐ.లు మిగిలాయి, "పది ఫెయిలైతే ఐ.టి.ఐ." అన్న మాటా మిగిలింది.

నిజానికి మా అమ్మానాన్నల తరంలో లెక్కలు రానివాళ్ళకి చేతిపని ఒకటి గౌరవంగా దొరికేది, దాన్ని చేతిపని అని ఎవరూ అనేవారు కాదు. టైపు. లోయర్, హయ్యర్ పాసై, షార్ట్‌హ్యాండ్ కూడా ఉంటే, ఆఫీసులో ఉద్యోగం ఖాయం. ప్రతి ఊళ్ళో ఒక ఇనిస్టిట్యూట్, సాయంత్రమైతే వీధి చివరిదాకా టకటకలు. అదీ అమెరికా సరుకే, మిల్వాకీలో షోల్స్ అనే ఆయన చేసిన యంత్రం. 1888లో సిన్సినాటీలో పెట్టిన టైపు పోటీలో, కీల వంక చూడకుండా కొట్టి గెలిచిన ఫ్రాంక్ మెగరిన్ ఆ విద్య సొంతంగా నేర్చుకున్నాడు. నేనూ సొంతంగా నేర్చుకున్నవాణ్ణే, కాకపోతే రెండు చేతుల్లో కలిపి నాలుగు వేళ్ళే పనిచేస్తాయి. మెగరిన్ చూస్తే కన్నీళ్ళు పెట్టుకుంటాడు.

సరే, అసలు ప్రశ్న. లెక్కలు నచ్చని చేతులకి ఇక్కడ ఏం పని ఉంది? దీనికి జవాబు నాకు ఒక పనిముట్టులో దొరికింది.

మన వడ్రంగుల దగ్గర మూలమట్టం ఉంటుంది కదా, ఎల్ ఆకారంలో. అమెరికా వడ్రంగి దగ్గర దానికి పెద్దన్న ఉంటుంది, ఫ్రేమింగ్ స్క్వేర్ అంటారు. 19వ శతాబ్దం మొదట్లో వెర్మాంట్‌లో షాఫ్ట్స్‌బరీ అనే ఊళ్ళో సైలస్ హాస్ అనే కమ్మరి, అరిగిపోయిన రంపపు రేకుల్ని అతికించి ఉక్కు మూలమట్టాలు చేయడం మొదలెట్టాడని చెప్తారు. ఇప్పటి దానికి ఒక చెయ్యి 24 అంగుళాలు, రెండోది 16. ఇక్కడి చెక్క ఇళ్ళలో గోడ లోపలి నిలువు కర్రలు 16 అంగుళాలకొకటి వస్తాయి, కాబట్టి ఆ చెయ్యి పెట్టి గీసుకుంటే చాలు, టేపు అక్కర్లేదు. అసలు మజా దాని మీద చెక్కిన అంకెల్లో ఉంది.

ఇంటి కప్పుకి ఏటవాలు వాసాలు వెయ్యాలనుకోండి. ఇల్లు 24 అడుగుల వెడల్పు. నడిమి నుంచి గోడ దాకా 12 అడుగులు. అడుగుకి 8 అంగుళాల చొప్పున కప్పు లేస్తుంది. వాసం పొడుగెంత? నేనైతే పైథాగరస్ తీస్తాను, వర్గాలు, వర్గమూలం, కాలిక్యులేటరు. వడ్రంగి మూలమట్టం తిప్పి 8 అంకె కింద చూస్తాడు. 14.42 అని చెక్కి ఉంటుంది. అంటే అడుగు దూరానికి వాసం 14.42 అంగుళాలు. పన్నెండుతో గుణిస్తే 173 అంగుళాలు, పద్నాలుగు అడుగుల అయిదంగుళాలు. ఆ గుణకారం కూడా వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. మూలమట్టాన్ని ఒక చేతి మీద 8, ఇంకో చేతి మీద 12 చెక్క అంచుకి తగిలేలా పెట్టి గీత గీసి, గీత దగ్గర్నుంచి మళ్ళీ పెట్టి, అలా పన్నెండు సార్లు జరుపుకుంటూ పోవడమే. పన్నెండో గీత దగ్గర కోసెయ్. వెన్నుదూలం దగ్గరా గోడ దగ్గరా ఏ వాలులో కొయ్యాలో కూడా అదే గీత చెప్తుంది. లెక్కే లేదు. లేదా, లెక్కంతా ఎవరో ఎప్పుడో చేసేసి ఉక్కులో దాచిపెట్టారు.

ఈ దేశంలో చేతిపని చరిత్ర చాలావరకు ఇలా లెక్కల్ని దాచుకున్న చరిత్ర. సియర్స్ కంపెనీ 1908 నుంచి 1940 దాకా కేటలాగులో ఇళ్ళమ్మింది, 70 వేలకి పైగా అమ్మి ఉంటుందని అంచనా. కొన్నేళ్ళకి కర్రలన్నీ ముందే కొలతకి కోసి, నంబర్లు వేసి, రైలు పెట్టెలో పంపేవాళ్ళు. కొన్నవాడు పుస్తకం చూసి నంబరుకి నంబరు కలిపి మేకులు కొట్టుకోవడమే. ఎలక్ట్రీషియన్ గోడ వెంబడి గొట్టం వంచి ఒక అడ్డంకిని దాటించాలంటే 30 డిగ్రీలకి రెండు, 45 డిగ్రీలకి 1.4 అని నోటికి నేర్చుకుంటాడు. అడ్డంకి ఎత్తు ఆరంగుళాలైతే, 30 డిగ్రీల వంపుకి రెండు గుర్తులూ పన్నెండంగుళాల దూరంలో పెడతాడు. ఆ రెండు అనేది త్రికోణమితిలో కొసీకెంట్ అని వాడికి తెలియదు, తెలియక్కర్లేదు. ఇంటర్మీడియట్లో నా నిద్ర చెడగొట్టిన కొసీకెంట్‌కి ఒక ఉపయోగం ఉందని ముప్ఫై దాటాక నాకు తెలిసింది.

కానీ అబద్ధం చెప్పకూడదు. లెక్కలు పూర్తిగా తప్పించుకోవచ్చని ఆ పిల్లాడికి చెప్పలేదు. ఎలక్ట్రీషియన్ల యూనియన్ అప్రెంటిస్‌గా చేర్చుకోవాలంటే హైస్కూల్లో ఒక ఏడాది ఆల్జీబ్రా చదివుండాలి. పరీక్షలో రెండు భాగాలు, ఒకటి ఆల్జీబ్రా, రెండోది చదివి అర్థం చేసుకోవడం. అక్కడ దాటితే అయిదేళ్ళు పనిచేస్తూ, జీతం తీసుకుంటూ, సాయంత్రం క్లాసుకి వెళ్తూ నేర్చుకోవడం. కాలేజీ అప్పు లేదు. 1937లో ఫిట్జ్‌గెరాల్డ్ చట్టం వచ్చినప్పట్నుంచీ ఈ అప్రెంటిస్ పద్ధతికి ప్రభుత్వ ప్రమాణాలున్నాయి. ఆదాయం సంగతికొస్తే, ప్రభుత్వ లెక్కల ప్రకారం 2023లో ఎలక్ట్రీషియన్ల మధ్యస్థ జీతం ఏడాదికి 61,590 డాలర్లు. లిఫ్టులూ ఎస్కలేటర్లూ బిగించేవాళ్ళది 1,02,420. ఈ రెండో అంకె చెప్పగానే మా స్నేహితుడు టీవీ సౌండు తగ్గించాడు. మోకాళ్ళూ నడుమూ అరిగే పని అని కూడా చెప్పాను, అది విన్నాడో లేదో.

ఇంకో తమాషా. మా న్యూ జెర్సీలో ప్రతి కౌంటీకీ ఒక వొకేషనల్ స్కూళ్ళ వ్యవస్థ ఉంది. దేశీ తల్లిదండ్రులు ఎంట్రన్సు కోచింగ్ ఇప్పించి మరీ పోటీపడే బెర్గెన్ కౌంటీ అకాడమీస్, మాన్‌మత్ కౌంటీలో హై టెక్నాలజీ హైస్కూల్, రెండూ ఆ వ్యవస్థల కిందవే. చేతిపని పిల్లల కోసం తెరిచిన తలుపులోంచి మన పిల్లలు కాల్‌క్యులస్ పట్టుకుని లోపలికెళ్తున్నారు. అదే వ్యవస్థల్లో వెల్డింగూ, వైరింగూ, కార్ల రిపేరూ నేర్పే గదులు కూడా ఉన్నాయని మా వాళ్ళకి తెలియదు. ఈ అబ్బాయికి చూపించాం. వాళ్ళ నాన్నే కార్లో తీసుకెళ్ళాడు.

లెక్కల్ని చెవిలో దాచినవాళ్ళ గురించి చెప్పి ఆపుతాను. బోస్టన్‌లో నార్త్ బెన్నెట్ స్ట్రీట్ స్కూల్ ఉంది. పాలీన్ అగాసీ షా అనే ఆవిడ 1880ల్లో, ఓడ దిగి వచ్చిన పేద కుటుంబాలకి పని నేర్పడానికి పెట్టింది. ఇవాళ్టికీ నడుస్తోంది. ఫర్నిచరు, పుస్తకాల బైండింగు, తాళాలు, నగలు, వయొలిన్ తయారీ, పియానో శ్రుతి చెయ్యడం నేర్పుతారు. వాళ్ళ జాబితాలో నా కళ్ళు ఆగింది ఆ చివరి పని దగ్గర. పియానోలో ఒక స్వరానికీ పక్క స్వరానికీ మధ్య నిష్పత్తి, రెండుకి పన్నెండో మూలం. చేత్తో కట్టడం కష్టమైన అంకె. శ్రుతి చేసేవాడు అది కట్టడు. రెండు స్వరాలు కలిపి మోగిస్తే వచ్చే అలల్ని వింటాడు. నడిమి భాగంలో ఒక జంట సెకనుకి దాదాపు ఏడుసార్లు ఊగాలి, అంతకంటే ఎక్కువైతే తీగ వదులుచేస్తాడు, తక్కువైతే బిగిస్తాడు. అదే బోస్టన్‌లో పెర్కిన్స్ అంధుల పాఠశాల 19వ శతాబ్దంలోనే ఈ పని నేర్పింది.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ళు పనస కర్రని తొలిచి, 24 మెట్లు వరసగా మైనంలో కూర్చి, ఒక్కోటీ మీటి విని, పిసరంత అటో ఇటో జరిపి మైనం ఆరనిస్తారు. ఆ మెట్ల మధ్య దూరాలు కొలిస్తే, కింద నుంచి పైకి పోయేకొద్దీ తగ్గుతూ, ఇంచుమించు ఆ పన్నెండో మూలం లెక్కే వస్తుంది.